సబ్బు పెట్టని దోతి

కరోనా తగ్గి, విమానాలు మళ్ళీ నిండుగా ఎగరడం మొదలైన ఏడాది అది. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర్లో విమాన ప్రయాణికులకు భోజనం వండి పంపే ఒక పెద్ద వంటశాల ఉంది. భోజనం ట్రేలో తెలంగాణ చిరుతిండి ఏదైనా పెడదామని వాళ్ళకు ఆలోచన వచ్చింది. గారెలు మెత్తబడతాయి, గరిజెలు విరుగుతాయి అని అన్నీ తిరగేసి చివరికి సకినాల దగ్గర ఆగారు. మంఖాల్‌లో ఆడవాళ్ళు నడుపుకునే చిన్న సకినాల యూనిట్ ఉందని ఎవరో చెప్పారట. అక్కడ సరుకు తీసుకోవచ్చో లేదో చూసి చెప్పమని నన్ను పంపారు. నేను ఫుడ్ సేఫ్టీ ఆడిటర్‌ని. ఆడిటర్ అనగానే అందరూ లెక్కలు చూసేవాళ్ళనుకుంటారు. నేను చూసేది లెక్కలు కాదు. తినే వస్తువు తయారయ్యే చోట నేల, నీళ్ళు, గిన్నెలు, చేతులు, గోళ్ళు ఎలా ఉన్నాయో చూస్తాను.

మమ్మల్ని చూసి సంతోషపడేవాళ్ళు ఎవరూ ఉండరు. కోడలి వంటింట్లోకి వచ్చి డబ్బాల మూతలు తీసి వాసన చూసే అత్తగారు ఎలాగో, మేమూ అలాగే. కుర్చీ తుడిచి వేస్తారు, టీ ఇస్తారు, లోపల్లోపల ఈమె ఎప్పుడు పోతుందా అని గడియారం చూస్తుంటారు. నాకది అలవాటే. నేను కాస్త ముక్కుసూటి మనిషిని, కోపం కూడా తొందరగానే వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో డిప్లొమసీ గురించి శిక్షణ ఇస్తే, కడిగిందా కడగలేదా అని చెప్పడానికి డిప్లొమసీ ఎందుకని నవ్వుకున్నాను. ఎందుకో నాకు మంఖాల్‌లో తెలిసింది.

నేనుండేది ఆరాంఘర్ దగ్గర. కాటేదాన్ ఫ్యాక్టరీల మధ్యనుంచి పోయి శ్రీశైలం రోడ్డెక్కితే మంఖాల్ ఏమంత దూరం కాదు. ఊరి చివర రేకుల షెడ్డు. లోపల నేలకు టైల్స్, కిటికీలకు జాలీలు, చేతులు కడుక్కోవడానికి స్టీలు తొట్టి. చిన్న చోటే కానీ ముచ్చటగా పెట్టుకున్నారు. నడిపేది స్వరూప, డిగ్రీ చదివిన అమ్మాయి. పని నడిపించేది మాత్రం ఆమె అత్తగారు అండాలమ్మ. అరవై దాటిన మనిషి, తలకు టోపీ పెట్టుకుని, గద్దె మీద అందరి మధ్య కూర్చుని ఉంది. మిగతా ఆడవాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళ రైతు కుటుంబాల వాళ్ళే. పొలాలు లేఅవుట్లయ్యాక కొందరు గోదాములు ఊడ్చారు, కొందరు పార్కుల్లో గడ్డి పీకారు. స్వరూప ఈ యూనిట్ పెట్టాక అందరూ ఇక్కడికి చేరారు.

సకినం చేయడం చూడనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నానిన బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతారు. ఆ పిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ, గుడ్డ మీద చుట్టు తర్వాత చుట్టు వేస్తారు. గుడ్డ తడిని పీల్చుకుంటుంది. కాస్త ఆరాక తీసి నూనెలో వేస్తారు. గుడ్డ లేకపోతే సకినం లేదు, స్టీలు పళ్ళెం మీద చుడితే అతుక్కుని విరిగిపోతుంది. మా భాషలో ఆ గుడ్డను ఫుడ్ కాంటాక్ట్ సర్ఫేస్ అంటాం, అంటే తిండికి నేరుగా తగిలే చోటు అని. అలాంటి చోట్లు మేం ముందుగా చూస్తాం.

ఆ ఊరి మీదుగా విమానాలు బాగా కిందికి దిగుతూ పోతాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా లోపల మాటలు ఆగిపోయేవి, చేతులు మాత్రం ఆగేవి కావు. ఆ చేతులు చూస్తూ నేను కాసేపు నా పని మర్చిపోయాను. మా అమ్మ కూడా ఇలాగే, తల ఎత్తకుండా, పక్కింటి సంగతులన్నీ చెప్తూ చుట్టేది. ఆమె పోయి అప్పటికి ఏడాది.

"ఏంది మేడం, మా చేతులు చూస్తవా, సకినాలు చూస్తవా?" అంది అండాలమ్మ.

"రెండూ చూస్త అమ్మా."

"చూడు చూడు. గోర్లు గిట నిన్ననే తీస్కున్నం, నువ్వొస్తున్నవని మా కోడలు నిద్రపోనియ్యలే."

అందరూ నవ్వారు. స్వరూప సిగ్గుపడింది. నేను స్వాబ్‌లు తీయడం మొదలుపెట్టాను. స్వాబ్ అంటే దూది చుట్టిన పుల్ల. దాన్ని బల్ల మీదో చేతి మీదో రుద్ది, గొట్టంలో పెట్టి ల్యాబ్‌కు పంపితే అక్కడ క్రిములు ఏ మాత్రం ఉన్నాయో చెప్తారు. బల్లలు, చేతులు అయ్యాయి. గుడ్డల దగ్గరికి వచ్చాను. అన్నీ బజారులో కొన్న తెల్ల కాటన్ గుడ్డలే. అండాలమ్మ ముందున్నది మాత్రం వేరుగా ఉంది. మెత్తబడిపోయిన పాత దోతి, సన్నటి ఆకుపచ్చ అంచు.

"అది వద్దు మేడం, పాతది, రేపు తీసేస్తం," అంది స్వరూప గబగబా.

"ఎందుకొద్దు, తీస్కోనియ్యి," అంది అండాలమ్మ. తర్వాత నాతో చెప్పింది. "మా ఆయన దోతి మేడం ఇది. నర్సింహ అని ఊర్ల అడుగు, ఎవరైన చెప్తరు. పోయి రెండేండ్లాయె. బతికున్నప్పుడు ఇంట్ల సకినాలు జేస్తె, నా దోతి మీద చుట్టినయే కరకరలాడుతయి అని ఎక్కిరిస్తుండె. దీని మీద చుడితెనే నాకు చెయ్యి సాగుతది."

నేను దాని మీద కూడా స్వాబ్ రుద్ది గొట్టం మూత పెట్టాను. ఆ రోజు వస్తూ వస్తూ, ఈ యూనిట్ పాసవుతుందనే అనుకున్నాను. పాసవ్వాలని కూడా అనుకున్నాను. ఆడిటర్లు అలా అనుకోకూడదు, కానీ మనసు మన మాట వింటుందా.

ల్యాబ్ నుంచి ఫలితాలు వచ్చాయి. బల్లలు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, గుడ్డలన్నీ బాగున్నాయి. ఆకుపచ్చ అంచు దోతి ఒక్కదాని మీద కౌంట్, అంటే క్రిముల లెక్క, ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ వచ్చింది.

రెండోసారి పోయినప్పుడు నాతోపాటు వంటశాల తరఫున కొనుగోళ్ళు చూసే ప్రసాద్ గారు వచ్చారు. గోదావరి వైపు మనిషి, ఎవరినైనా అండీ అనకుండా పిలవరు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. విమానంలో ఎవరికైనా కడుపునొప్పి వస్తే ముందుగా పోయేది ఆయన ఉద్యోగమే.

"ఇది మేజర్ ఎన్‌సీయే కదండీ మేడమ్?" అన్నారు కారులో. ఎన్‌సీ అంటే నాన్ కన్ఫార్మిటీ. పద్ధతి ప్రకారం లేదని మేం రాసే తప్పు. మేజర్ అయితే ఆర్డర్ ఆగిపోతుంది. మైనర్ అయితే దిద్దుకోవడానికి గడువిస్తాం.

"కాదండీ. చుట్టిన తర్వాత సకినాన్ని కాగే నూనెలో వేస్తారు కదా. దాన్ని కిల్ స్టెప్ అంటాం, క్రిములు చచ్చే దశ. ఆ తర్వాత మళ్ళీ ఈ గుడ్డను తాకదు. కాబట్టి మైనర్. కానీ ఒక్క గుడ్డే ఎందుకిలా ఉందో తెలియాలి, దాన్ని దిద్దాలి."

"కాటేదాన్‌లో మెషీన్ మీద చేసేవాళ్ళు కూడా కొటేషన్ ఇచ్చారండీ. ఈ తలనొప్పులన్నీ ఉండవు," అన్నారాయన. మాట మెత్తగానే ఉంది, కానీ ఆర్డర్ ఎటు జారుతుందో నాకు అర్థమైంది.

నేను పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. చెడ్డ కబురు ఎవరిదైతే వాళ్ళకు ముందు విడిగా చెప్పాలి, ఆ తర్వాతే నలుగురిలో చెప్పాలి. క్లోజింగ్ మీటింగ్ అని ఆఖర్న అందరినీ కూర్చోబెట్టి ఫలితాలు చదువుతాం. దానికంటే ముందు స్వరూపను పక్కకు పిలుద్దామనుకున్నాను. ఆ వ్యవధి దొరకలేదు. షెడ్డులోకి అడుగు పెట్టగానే ప్రసాద్ గారి కళ్ళు ఆ దోతి మీద పడ్డాయి.

"ఇదేనాండీ మేడమ్, ఆ మురికి పంచె?" అన్నారు.

అండాలమ్మ చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. పక్కనున్న బాలమణి కూడా ఆపేసింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఆపేశారు. విమానం మీదికొచ్చినా ఆగని చేతులు అవి.

"ఏమన్నవ్ సారూ?"

"అది కాదండీ, ల్యాబ్ రిపోర్టులో..."

"మురికి అన్నవ్." అండాలమ్మ గొంతు పెంచలేదు. "మా ఆయన ఎట్లుంటుండెనో నీకు ఎరుకనా? భూమి పోయినంక గోదాం కాడ గార్డు పని చేసిండు. ఆ ఖాకీ బట్టలతోని ఒక్కనాడు ఇంట్ల బువ్వ తినలే. ఇడిసి, తానం జేసి, తెల్ల దోతి గట్టుకొని గప్పుడు కూసుంటుండె. ఊర్ల పెండ్లయినా సావయినా నర్సింహ లెక్క తెల్లగ ఉండాలె అంటుండ్రి. గాయన దోతిని మురికంటవా నువ్వు."

చుట్టిన సకినాలు గుడ్డ మీదే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి పిండి గిన్నెలో వేసేసింది. దోతిని మడిచి చంకలో పెట్టుకుంది.

"స్వరూపా, ఆర్డరొద్దు గీర్డరొద్దు. పంపియ్యి వీళ్ళను," అని వెనక తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది.

బాలమణి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అక్క లేంది మేం చుట్టం," అంది. మిగతావాళ్ళు కూడా ఎవరూ పిండి ముట్టుకోలేదు. స్వరూప ముఖంలో నెత్తురు లేదు. "ఏడాది సంది ఇసొంటి ఆర్డర్ కోసం తిరుగుతున్న మేడం," అంది నాతో మెల్లగా. "ఇది వస్తదనే అందర్ని పట్టి ఉంచిన. పోతె వీళ్ళు మల్ల చీపుర్లు పట్టుకోవాలె. అత్తమ్మ కూసోకపోతె ఇగ ఈ షెడ్డు లేదు."

ప్రసాద్ గారు నన్ను గుమ్మం దగ్గరికి పిలిచారు. "రిపోర్టులో ఉన్నదే కదండీ అన్నాను, నా తప్పేముంది?"

నాకు కోపం వచ్చింది. కానీ ఆయన మీద అరిస్తే ఆయన కూడా బిగుసుకుపోతాడు, అప్పుడు ఆర్డర్ నిజంగానే కాటేదాన్ పోతుంది. "రిపోర్టులో మురికి అన్న మాట లేదండీ ప్రసాద్ గారూ," అన్నాను. "కౌంట్ ఎక్కువ అని ఉంది. మురికి మీరు కలిపారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు కదా. మీరు కాసేపు కారులో కూర్చోండి. నేను మాట్లాడతాను." ఆయన తల వంచుకుని వెళ్ళారు.

షెడ్డు వెనక నీళ్ళ తొట్టి, బట్టలుతికే బండ ఉన్నాయి. అండాలమ్మ బండ మీద కూర్చుని ఉంది, దోతి ఒళ్ళో ఉంది. ఏడవడం లేదు. ఎటో చూస్తోంది. నేను పోయి పక్కన నేల మీద కూర్చున్నాను. నా తెల్ల కోటుకు బురదయింది.

ఆడిటర్ దగ్గర రెండు రకాల ప్రశ్నలుంటాయి. ఎందుకు చేయలేదు అన్నది ఒకటి. అది వినగానే ఎదుటి మనిషి గోడ కట్టుకుంటాడు. ఎలా చేస్తారు అన్నది రెండోది. అడగాల్సింది ఎప్పుడూ ఈ రెండోదే. ఆ పూట నేను దాన్ని కూడా తొందరగా అడగలేదు.

"దీన్ని ఎట్ల ఉతుకుతవమ్మా?" అన్నాను చివరికి.

"నీళ్ళల్ల ముంచి, పిండి, ఆరేస్త."

"ఉడుకు నీళ్ళల్లనా?"

"సల్ల నీళ్ళు."

"సబ్బు?"

ఆమె దోతి అంచును వేలితో సాపు చేసింది. మళ్ళీ సాపు చేసింది. అప్పుడు చెప్పింది.

"సబ్బు పెడితె ఆయన వాసన పోతది బిడ్డా."

అంతవరకు నేను మేడంని. ఆ మాటతో బిడ్డనయ్యాను.

"ఆ దినం పొద్దున గూడ గిట్లనే," అంది. "దోతి ఇడిసి దండెం మీద ఏసిండు. ఖాకీ తొడుక్కున్నడు. చాయ తాగిండు. నేను సక్కగ మొఖం గూడ చూడలే, పొయ్యి కాడ ఉన్న. డూటీల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట. దవాఖానకు తీస్కపోయిండ్రు, ఏం లాభం. నేను ఇంటికొచ్చి చూస్తె దోతి దండెం మీదనే ఉన్నది. తీసి మొఖానికి పెట్టుకుంటె మనిషి పక్కనున్నట్టే ఉండె. చాన దినాలు ఉతకనే లేదు. ఇంట్ల ఉంటె కోడలు ఎప్పుడన్న ఉతికేస్తదేమో అని ఇగ పనికి తెచ్చుకున్న. తెచ్చుకున్నంక తడపాలె గద. గందుకే ఉట్టి నీళ్ళు. చుట్టినంతసేపు నా ముందట ఉంటడు."

అప్పటినుంచి రోజూ నీళ్ళలో ముంచి, రోజూ బియ్యప్పిండి పూసి, ఎండలో ఆరేసిన గుడ్డ. దానిలో మనిషి వాసన మిగలదు. అది నాకు తెలుసు. సైన్సు చదువుకున్నాను కాబట్టి మాత్రమే కాదు. మా అమ్మ శాలువా మా బీరువాలో అప్పటికీ ఉంది. ఎవరికీ ఇవ్వలేదు, ఉతికించలేదు. తలుపు తీసినప్పుడల్లా ముఖం దగ్గర పెట్టుకుంటాను. ముందు కొబ్బరినూనె వాసన వచ్చేది, తర్వాత రాను రాను బీరువా వాసనే వచ్చింది. అయినా పెట్టుకోవడం మానలేదు. మా అమ్మ మీద నాకు ఎంత బెంగ ఉందో ఆ బండ పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది.

అండాలమ్మ దోతిని నా వైపు చాపింది. "నీకు వస్తదా వాసన?"

తీసుకుని చూశాను. బియ్యప్పిండి, వాము, కాస్త నూనె, కాస్త ముక్కిన వాసన. ఇంకేమీ లేదు. ఆమె నా ముఖమే చూస్తోంది. రాదు అంటే నిజమే, కానీ అది గోరుచుట్టు మీద రోకటిపోటు. వస్తుంది అంటే అబద్ధం. అబద్ధం చెప్పే ఆడిటర్ మాట ఇక దేనికీ పనికిరాదు.

"ఆయన నాకు ఎరుక లేదు గదమ్మా," అన్నాను. "నాకెట్ల తెలుస్తది?"

"గది నిజమే," అని దోతి వెనక్కి తీసుకుంది. ముఖం కాస్త తేటపడింది.

అప్పుడు చెప్పాను. "ఇది పనిల వద్దమ్మా. మురికని కాదు. అక్కడ మీరు చేసేది ఎవరెవరో తింటరు, దానికి తగిలే గుడ్డలు అన్నీ ఉడుకు నీళ్ళు, సబ్బు చూడాలె. ఇది నీ ఒక్కదానిది. నీ ఇంట్ల, నీ పెట్టెల ఉండాలె. స్వరూపకు నేను చెప్త, ఎవ్వరు ముట్టరు."

"చెయ్యి సాగదు బిడ్డా."

"జర కష్టమయితది."

"రిపోర్టుల ఏం రాస్తవ్?" అంది.

మేం ప్రతి తప్పుకూ రూట్ కాజ్, అంటే అసలు కారణం రాయాలి. "ఒక గుడ్డను మిగతా వాటి లెక్క ఉతకలే అని రాస్త. ఎందుకు ఉతకలేదో రాయ."

"అబద్ధం రాస్తవా నాకోసం?"

"అబద్ధం కాదమ్మా. గది నిజమే. మిగతాది నీ ముచ్చట, వాళ్ళకెందుకు."

"మరి ఆ సారు అన్న మాట?"

అన్న మాటను నేను వెనక్కి తీసుకోలేను, ఆయన చేత క్షమాపణ చెప్పిస్తానని మాటివ్వలేను. "అది ఆయననే అడగాలెనమ్మా," అన్నాను. అండాలమ్మ తలాడించి లేచింది. లోపలికి వచ్చి, దోతి సంచిలో పెట్టి, బజారు గుడ్డ ఒకటి పరుచుకుని కూర్చుంది. బాలమణి టోపీ పెట్టుకుంది. అండాలమ్మ వేసిన మొదటి చుట్టు వంకరపోయింది. చెరిపి మళ్ళీ వేసింది.

మైనర్ ఎన్‌సీ రాసి గడువిచ్చాను. తిరిగి వస్తుంటే ప్రసాద్ గారు పహాడీషరీఫ్ దాకా నోరు విప్పలేదు. "మా నాన్నగారు పంచె తప్ప ఇంకోటి కట్టలేదండీ జన్మలో," అన్నారు ఉన్నట్టుండి. "నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో." తప్పు తనంతట తాను తెలుసుకుంటున్నవాడికి మనం మళ్ళీ చెప్పకూడదు.

గడువు అయ్యాక వెరిఫికేషన్‌కు వెళ్ళాను. దిద్దుకున్నారో లేదో చూసే ఆఖరి పని అది. ప్రసాద్ గారు అడగకుండానే వెంట వచ్చారు. ఈసారి నా దగ్గర అక్కడికక్కడే ఫలితం చెప్పే చిన్న మీటర్ ఉంది. స్వాబ్ అందులో పెడితే కాసేపటికి ఒక అంకె వేసి పాస్, ఫెయిల్ అని చూపిస్తుంది. షెడ్డు బయట గుడ్డలు ఉడికించే పెద్ద బోగాణి, ఆరేయడానికి దోమతెర కట్టిన చోటు కొత్తగా వచ్చాయి. అన్ని గుడ్డలూ చూశాను, అన్నీ పాస్. అండాలమ్మ బజారు గుడ్డ మీదే చుడుతోంది. మునుపటి వేగం లేదు కానీ చుట్లు సరిగ్గానే పడుతున్నాయి.

"అయిపోయిందమ్మా, అంతా మంచిగున్నది," అన్నాను.

"ఆగు." ఆమె లేచి తన సంచిలోంచి మడిచిన గుడ్డ తెచ్చింది. "గిది గూడ చూడు."

ఆకుపచ్చ అంచు చూస్తే గానీ గుర్తుపట్టలేదు. జొన్న పేలాల్లా తెల్లగా ఉంది.

"ఇది పనిల లేదు గదమ్మా. నేను చూడనక్కర లేదు."

"సారు ముందట చూడు."

"ఉతికినవా?" అన్నాను. "నేను ఉతకమనలేదు గదమ్మా."

"నువ్వనలే. నేనే ఉతికిన. ఉడుకు నీళ్ళల్ల ఏసి, సబ్బు పెట్టి, బండకేసి ఉతికిన. ఆయన వాసన నాకొక్కదానికే ఎరుక. ఆయన పేరు ఊరందరికి ఎరుక. మురికి అన్న మాట ఆయన మీద ఉండొద్దు. గందుకే ఉతికిన."

నిబంధనల ప్రకారం ఆ గుడ్డతో నాకు పని లేదు. అయినా స్వాబ్ తీసి, దోతి మీద నాలుగు మూలలా రుద్ది, మీటర్‌లో పెట్టాను. ఫలితం వచ్చింది. ఆ పూట నేను చూసిన గుడ్డలన్నింటిలో అన్నిటికంటే తక్కువ అంకె దానిదే. మీటర్‌ను ప్రసాద్ గారికి చూపించాను. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాను.

"శుభ్రంగ ఉన్నదమ్మా. ఇక్కడున్న అన్ని గుడ్డలకంటె శుభ్రంగ ఉన్నది."

ప్రసాద్ గారు బూట్లు విప్పి గద్దె దగ్గరికి వచ్చి చేతులు జోడించారు. "ఆ రోజు నా నోరు జారిందమ్మా. నర్సింహ గారిని నేను చూడలేదు, తెలియకుండా అన్నాను. నన్ను క్షమించండి."

"కూసో సారూ," అంది అండాలమ్మ. "స్వరూపా, సారుకు నీళ్ళియ్యి." ఆర్డర్ అప్పుడే ఖాయమైపోయింది. ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు, స్వరూప గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. బాలమణి మాత్రం అండాలమ్మను చూస్తూ ఉంది.

అండాలమ్మ దోతిని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత మడిచి ఒళ్ళో పెట్టుకుని, "పిండి ఆరిపోతది, కానియ్యుండ్రి," అంది.

నేను బయల్దేరుతుంటే కారు దాకా వచ్చింది. ప్రసాద్ గారు ముందు సీట్లో కూర్చున్నారు. ఆమె నన్ను కొంచెం పక్కకు తీసుకుపోయింది.

"ఆనాడు బండ కాడ నీకు ఎరుకనే గద, వాసన లేదని."

ఇక తప్పించుకోలేను. "ఎరుకనే అమ్మా."

"మరి చెప్పకపోతివి."

నేను తల దించుకున్నాను.

"చెప్పకుంట మంచిగ జేసినవ్," అంది. "నువ్వు చెప్పుంటె నువ్వే తీస్కపోయినవని ఇన్నొద్దులు నిన్ను తిట్టుకుంట ఉందును. నీళ్ళల్ల ముంచినప్పుడల్లా నాకు గూడ అనుమానమే ఉండె బిడ్డా. ఉతికినంక సబ్బు వాసన ఒక్కటే ఒచ్చింది. ఇగ పోయిండు. నా చేతులతోని నేనే సాగనంపిన. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళకు పిండి అంటుకుని ఉంది, ఆరి గరుకుగా అయింది. ఇద్దరం అక్కడే నిలబడ్డాం. ప్రసాద్ గారు కారు దిగబోయి, మళ్ళీ కూర్చుండిపోయారు.

ఆ తర్వాత ఎన్నో యూనిట్లు చూశాను, ఎన్నో ఎన్‌సీలు రాశాను. డిప్లొమసీ అంటే చేదు మాటకు తేనె పూయడమని మాకు నేర్పినవాళ్ళు అనేవారు. అది సగమే. తప్పు ఎక్కడుందో ఆడిటర్ చెప్పి తీరాలి, మొహమాటపడకూడదు. కానీ ఆ తప్పు వెనక మనిషి దాచుకున్నది ఒకటి ఉంటుంది, దాన్ని కనిపెట్టినా సరే, దాని గురించి తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకునేదాకా పక్కన కూర్చోవాలి. వంటశాల వాళ్ళకు నేను పాస్ అని ఒక్క మాట పంపాను, వాళ్ళకు కావలసింది అంతే. ఆ మాట అండాలమ్మకు ఎంత ఖరీదు పడిందో మంఖాల్ షెడ్డు ముందు ఆమె చెయ్యి పట్టుకుని నిలబడిన నాకు మాత్రమే తెలుసు.